చలిమిడి తినని టుంటుంగ్

1957, మలాయ్ దేశానికి మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది చివర. సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు ఎస్టేట్ల పక్కన పారే నదిలో టుంటుంగ్‌లను కనిపెట్టి చూడడం నా ఉద్యోగం. టుంటుంగ్ అంటే అక్కడి నది తాబేలు. కాలేజీలో జువాలజీ చదివిన ఆడపిల్ల బురదలో తాబేళ్ళ వెంట తిరగడమేమిటని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పేదాన్ని: మీరు తిరగరు కాబట్టి.

కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు. కూలీలుండే ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సోదా. అడవిలోని కమ్యూనిస్టులకు అందుతుందని గుప్పెడు బియ్యం కూడా బయటికి పోనిచ్చేవారు కారు. ఆ కంచె లోపల అప్పలమ్మ అనే ముసలామె, వరదకు కొట్టుకొచ్చిన పెద్ద టుంటుంగ్‌ను పాత రబ్బరుపాల తొట్టిలో ఉంచుకుంది. దాని వీపున పసుపు, కుంకుమ. గుడ్లు తవ్వుకు తినేవాళ్ళు ఎక్కువై, గుడ్లు పెట్టే ప్రతి తాబేలూ మాకు అపురూపమైన రోజులవి.

“ఇడిసిపెట్టు మామ్మా,” అన్నాను.

“ఇడవను. శ్రీకూర్మం తీసుకెల్తానని మా ముసిలోడు సెప్పి సెప్పి ఇక్కడే పోనాడు. నానెల్లనేనని సామే వొచ్చినాడు.”

“సామి కాదు, ఆడది. కావాలంటే సూడు.” ఆమె వేళ్ళు పట్టుకుని తాబేలు వెనక కాలి ముందున్న మెత్తని చోట నొక్కించాను. దీన్ని పాల్పేషన్ అంటాం. లోపల గుడ్లుంటే చేతికి తగులుతాయి.

అప్పలమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. “కడుపుతో ఉందేటి?”

“ఇసకలోనే పెట్టాల గుడ్లు. ఈ సిమెంటులో పెడితే ఒక్కటీ బతకదు.”

“ఆ మాట ముందే సెప్పవేటే! పురిటికి పుట్టింటికి పంపాల గదా.”

మర్నాడు చలిమిడి చేసి తెచ్చింది. కడుపుతో ఉన్న పిల్లను వట్టి చేతులతో సాగనంపకూడదట. గేటు దగ్గర మలాయ్ గార్డు మూట విప్పాడు. “బియ్యప్పిండి! టాక్ బోలే లా, మక్ చిక్.” కుదరదు పెద్దమ్మా అన్నమాట.

“తాబేలు కమ్యూనిస్టులకు చలిమిడి మోస్తుందా?” అని మలాయ్‌లోనే ఎగిరాను.

“లోపలే తినిపించండి లా,” అన్నాడు నవ్వాపుకుంటూ.

తాబేలు మూతి తిప్పుకుంది. చలిమిడి గార్డుతో కలిపి మేం ముగ్గురం తిన్నాం. టుంటుంగ్‌లు గుడ్లు పెట్టే ఇసుక తిన్నె కంచె బయట నిషిద్ధ ప్రాంతంలో ఉంది. వెళ్ళే అనుమతి నాకే. అప్పలమ్మ కంచె పట్టుకుని నిలబడిపోయింది. చిప్ప అంచున ఆకురాయితో గుర్తుగా గంటు పెట్టి (నాచింగ్ అంటాం) తాబేలును ఒడ్డున వదిలాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే ప్రశ్న: “అగుపించిందేటి?”

“నేదు మామ్మా.”

కంచె తీసేశాక తనే వచ్చి ఒడ్డున కూర్చునేది. ఒకరోజు నీళ్ళకేసి చూస్తూ అంది: “నన్ను ఓడెక్కించినాక మాయమ్మ కూడా రేవుకాడ ఇలాగే సూసుంటాది.”

ఎవరికైనా ఎదురు చెప్పే నేను ఆ రోజు ఆమె పక్కన కూర్చుని నీళ్ళకేసి చూశాను.

మానిటరింగ్ అంటే లెక్కింపు అని మా చదువు. వదిలేసినదాని కోసం మళ్ళీ మళ్ళీ అదే ఒడ్డుకు వెళ్ళి చూడడమని అప్పలమ్మ దగ్గర తెలుసుకున్నాను. ఆమె ఇప్పుడు లేదు. గంటు ఉన్న ఆ చిప్ప కోసం ఈ ఏడూ వెళ్తున్నాను.