మందీలో మంది

నాకంటే నా కోపం ముందు పుట్టిందని మా అమ్మ అంటుంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాక ఆ కోపమంతా యూనియన్ మీద చూపించేదాన్ని. మా తాత శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చి ఇదే షాపులో సుత్తి పట్టాడు, ఆయన తర్వాత మా నాన్న పట్టాడు, ఇద్దరూ జెండా కూడా పట్టారు. నేను మాత్రం చందా కట్టి ఊరుకునేదాన్ని. రిటైరైనవాళ్ళ పోస్టులు నింపడం లేదు, ఉన్న పని కాంట్రాక్టుకి పోతోంది. యూనియన్‌వాళ్ళేమో మీటింగు పెట్టి టీ తాగుతారు, టీ తాగడానికి మళ్ళీ మీటింగు పెడతారు. ఈ రోజుల్లో యూనియన్ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే అని భోజనాల దగ్గర నాన్నతో వాదించేదాన్ని. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "నీ మీదకి ఒచ్చినప్పుడు సెప్పు" అనేవాడు.

నా మీదకి రాలేదు. మా చిన్నమ్మ మీదకి వచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. నిమ్‌పురా వైపు బోగీలు కడిగే లైనులో కాంట్రాక్టరు కింద పని చేస్తుంది. చిన్నాన్నకి ఝపటాపూర్‌లో టిఫిన్ బండి ఉంది గానీ, జనం ఇడ్లీ కూడా ఆలోచించి తినే రోజులొచ్చాయి. ఇల్లు చిన్నమ్మ జీతం మీదే నడుస్తోంది. ఆమెకి హిందీ, బెంగాలీ బజారుకి సరిపడా వచ్చు. బేరం దాటితే తెలుగే, అదీ మావాళ్ళ తెలుగు. అందరూ చ అనేచోట మేం హాయిగా స అంటాం. చేప మాకు సేప, చాలు మాకు సాలు.

ఒక ఉదయం కాంట్రాక్టరు పంపిన కొత్త సూపర్‌వైజరు లైనులోకి వచ్చి, ఇకనుంచి బోగీకి నలుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు, మిగతావాళ్ళు ఇళ్ళకి పొండి అన్నాడట. ఎందుకని చిన్నమ్మ అడిగితే, "మందీ హై, మందీ" అన్నాడట. హిందీలో మందీ అంటే వ్యాపారాలు పడిపోయిన గడ్డుకాలం. మా చిన్నమ్మకి తెలిసిన మంది ఒక్కటే, మనుషులు. మంది ఉన్నారు కదా, మరి తీసెయ్యడం దేనికని ఆమె అడిగింది. అతను ఇంకాస్త గట్టిగా మందీ అన్నాడు. ఉన్నారనే కదా నేనూ అంటున్నానని ఈమె కూడా గొంతు పెంచింది. కాసేపు అలా గడిచాక చిన్నమ్మకి విసుగొచ్చింది. చీపురు కింద పడేసి, చెయ్యి అడ్డంగా ఊపి, "సాలు, సాలు" అంది.

హిందీవాడి చెవికి అదెలా వినిపిస్తుందో వేరే చెప్పాలా? సాలా అంటే వాళ్ళకి బావమరిది, కానీ ఈ ఊళ్ళో సగం కొట్లాటలు ఆ చుట్టరికంతోనే మొదలవుతాయి. ఒక ఆడమనిషి తనని అందరిముందూ బూతు తిట్టిందని సూపర్‌వైజరు మండిపడి ఆమె గేటు పాసు లాక్కున్నాడు. పాసు లేనిదే లోపలికి రానివ్వరు. పాసు పోయిందంటే పని పోయినట్టే.

ఆ సాయంత్రం చిన్నమ్మ మా ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మా, నాన్నా కూడా నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు.

"నవ్వండి, నవ్వండి. రేపు పొయ్యి మీద ఆ నవ్వే ఉడకెడతాను" అంది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. చెప్పులేసుకుని, నేను ఏడాది పొడుగునా తిట్టిపోసే యూనియన్ ఆఫీసుకే నేరుగా వెళ్ళాను.

అక్కడ మా యూనియన్ సెక్రటరీ ఉన్నాడు, మేమంతా దాదా అని పిలుస్తాం, అంటే అన్న. బెంగాలీ మనిషి, షాపులో మావాళ్ళ మధ్య పనిచేసి పనిచేసి తెలుగు కూడా మా యాసలోనే పట్టినవాడు. నేను చెప్పిందంతా విని, పాపమే గానీ కాంట్రాక్టువాళ్ళు మన మెంబర్లు కారు కదా అన్నాడు. నాకు తిక్క రేగింది. బోగీ ఒకటే అయినప్పుడు బిగించేవాళ్ళు మనవాళ్ళూ, కడిగేవాళ్ళు పరాయివాళ్ళూ ఎలా అయ్యారని బల్ల మీద గుద్దాను. ఆయన టీ ఒలికింది. ఆయన తుడుచుకుంటూ, ఇంతకీ ఆమె ఏమందని అడిగాడు. సాలు అందని చెప్పాను. దాదా ఒక్క క్షణం నావైపు చూసి, కళ్ళద్దాలు తీసేసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు తగ్గాక మాత్రం, ఇవాళ వాళ్ళని సగం చేసినవాడికి రేపు మన షాపు కనిపించదా అన్నాడు.

"రేపు గేటు కాడ. సొబాయికే డాకో, అందర్నీ పిలు" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి, మధ్యాహ్నం మా షాపుకీ వాళ్ళ లైనుకీ ఉన్న ఒకే గేటు బయట చిన్నమ్మ పక్కన నిలబడ్డాను. లైనులో పనిచేసే ఆడవాళ్ళెవరూ ఆ పూట లోపలికి వెళ్ళలేదు. సాలువా చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చేవాళ్ళతో సహా అందరూ ఆమె వెనకాలే కూర్చున్నారు. షాపులోంచి ఎవరొస్తారులే, అన్నం తినే వేళ అనుకున్నాను. ఇంతలో సైరన్ కూసింది. గేటు తెరుచుకుంది. వస్తున్నారు! నూనె చేతులతోనే, టిఫిన్ డబ్బాలతోనే వస్తున్నారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు, బీహారువాళ్ళు. ఎప్పుడూ పలకరించని కొలిమి షాపువాళ్ళు కూడా వచ్చారు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, పక్కవాళ్ళకి వినిపిస్తుందేమో అని సిగ్గేసింది.

కాంట్రాక్టరు మేనేజరు సూపర్‌వైజరుతో కలిసి వచ్చాడు. సూపర్‌వైజరు ఆ బూతు గురించి మళ్ళీ మొదలుపెట్టాడు. అతను చెబుతుండగానే మా గేటు టీ కొట్టాయన కెటిల్ పట్టుకుని గుంపులోకి వచ్చాడు. ఆయనా బీహారు నుంచి వచ్చిన హిందీవాడే. గుంపుతో వచ్చిన మా నాన్నకి గ్లాసు నింపబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "సాలు బాబూ, సాలు" అన్నాడు. సూపర్‌వైజరు ఉలిక్కిపడి తల తిప్పాడు. టీ ఆయనకి కోపం రాలేదు, కెటిల్ పైకెత్తి పక్కాయన దగ్గరికి వెళ్ళాడంతే. ఆ పక్కాయన కూడా సాలు అన్నాడు. మూడో ఆయన కూడా అన్నాడు. ఇక చూడాలి, గుంపంతా ఒకటే నవ్వు. మేనేజరు కూడా పెదవి కొరుక్కున్నాడు. సూపర్‌వైజరు నేల చూపులు చూస్తూ జేబులోంచి పాసు తీశాడు.

హమ్మయ్య అనుకుని నేను చెయ్యి చాచాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. మరి తీసేసినవాళ్ళ సంగతేమిటని మేనేజర్ని అడగమంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వచ్చింది తీసుకుని ఇంటికి పద అని తెలుగులో బతిమాలాను. ఆమె కదలలేదు. చేసేదిలేక అడిగాను. మేనేజరు మర్యాదగానే, "క్యా కరే దీదీ, మందీ హై" అన్నాడు.

ఈసారి చిన్నమ్మ తొందరపడలేదు. వెనక్కి తిరిగి, గేటునుంచి రోడ్డుదాకా నిండిన జనాన్ని ఒకసారి చూసింది.

"మందీ, మందీ అన్నారు గదా బాబూ. ఇదిగో మంది. సూసుకోండి."

దాదా నన్ను ముందుకి తోశాడు. చిన్నమ్మ మాటనే హిందీలో ఒకసారి, బెంగాలీలో ఒకసారి చెప్పాను. సంతోషంతో మాట తడబడింది, అయినా అందరికీ అర్థమైంది. తర్వాత దాదా పిడికిలెత్తి "సాలు!" అని అరిచాడు. జనమంతా అందుకున్నారు. బెంగాలీల నోట్లో అది షాలు అయింది, ఒడియావాళ్ళు ఇంకోలా అన్నారు, కానీ అందరూ అన్నారు. అందరికంటే గట్టిగా నేనే అరిచాను.

లైనులో బోగీలు మురికిగా నిలబడి ఉన్నాయి. సాయంత్రం అవి బండికి తగిలించాలి, కడిగే చెయ్యి ఒక్కటీ లోపల లేదు. మేనేజరు పక్కకి వెళ్ళి చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చాడు. ఈ కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళూ బోగీకి నలుగురే అన్నాడు. ఆ తర్వాత సంగతి తాను చెప్పలేనన్నాడు. అప్పుడు చిన్నమ్మ పాసు అందుకుని, కొంగుతో తుడిచి, తన బోగీకి మిగతా ముగ్గురినీ పిలుచుకుని లోపలికి వెళ్ళింది.

రాత్రి చిన్నమ్మావాళ్ళూ మా ఇంట్లోనే భోంచేశారు. అన్నం వడ్డిస్తూ నాన్న ఊరుకుంటాడా?

"ఏటమ్మా, యూనియను ఉన్నా ఒకటే, ఊడినా ఒకటేనా?" అన్నాడు.

అరిచి అరిచి నా గొంతు పోయింది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, వచ్చిన కాస్త గొంతుతో, "సాలు నాన్నా, సాలు" అన్నాను. ఈసారి అందరికంటే ముందు చిన్నమ్మే నవ్వింది.