దుబాసీ ఫిలొమీన్

కెనడా ఉత్తరాన మంచులో ఉన్న మా ఆదివాసీ ఊరికి నెలకోసారి విమానంలో కోర్టు వచ్చేది. జడ్జీ, వకీళ్ళు, పోలీసులు గడ్డకట్టిన సరస్సు మీద దిగి, బడి హాల్లో బల్లలు జరుపుకుని, పొద్దుగూకకముందే ఎగిరిపోయేవారు. వాళ్ళ ఇంగ్లీషును మా క్రీ భాషలోకి మార్చే దుబాసీ మా వదిన ఫిలొమీన్. మిషన్ బడిలో దెబ్బలు తిని నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెది.

ఆ చలికాలం ఆమె చెల్లెలి కొడుకు నోర్బెర్, ముసలి ఐజాయా మంచుబండిని అడక్కుండా వేటకు తీసుకెళ్ళి విరగ్గొట్టుకొచ్చాడు. ఊరి పెద్దలు ఇద్దర్నీ కూర్చోబెట్టి, వసంతం దాకా ముసలాయనకు కట్టెలు కొట్టిపెట్టమన్నారు. వాడు కొడుతూనే ఉన్నాడు. కానీ అప్పటికే పోలీసులు దొంగతనమని రాసుకున్నారు.

"నేరం ఒప్పుకుంటున్నావా?" అన్నాడు జడ్జీ.

మా భాషలో 'నేరం' అన్నదానికి సరైన మాట లేదు. ఫిలొమీన్ ఎప్పటిలాగే అడిగింది.

"బండి నువ్వే తీశావా రా?"

"తీశాను పెద్దమ్మా. నీకు తెలుసుగా."

"ఒప్పుకుంటున్నాడు," అని ఆమె ఇంగ్లీషులో చెప్పింది.

ఐజాయా వెనక నుంచి లేచాడు. "బండి నాది, కట్టెలు నావి. వీణ్ణి తీసుకుపోతే ఈ జడ్జీ వచ్చి కొడతాడా?"

హాలంతా నవ్వింది. ఆ మాటా తర్జుమా చేసింది ఫిలొమీన్. జడ్జీ నవ్వలేదు. ఎనిమిది నెలలు వేశాడు.

మూడో నెలలో పట్నం జైల్లో నిమోనియా వచ్చి నోర్బెర్ చనిపోయాడు. పూడ్చేచోట చెల్లెలు ఒక్కటే మాటంది: "నీ నోటితోనే పంపావు కదక్కా." మళ్ళీ పలకరించలేదు.

తర్వాతి కోర్టునాడు ఫిలొమీన్ వచ్చింది గానీ తన కుర్చీలో కూర్చోలేదు.

"అయ్యా, 'చేశావా' అనే నేను అడిగాను, 'నేరమా' అని కాదు. మావాళ్ళు చేసింది దాచరు. పదకొండేళ్ళుగా మీరు తీసుకుపోయినవాళ్ళంతా నా మాట మీదే వెళ్ళారు. ఇక నా వల్ల కాదు."

ఆ కుర్చీలోకి ఊళ్ళో ఇంకెవరూ వెళ్ళలేదు. కోర్టువాళ్ళు బయటినుంచి మనిషిని తెచ్చుకున్నారు.

మా తగాదాలు మా పెద్దలకే వదలమని ఆమె పద్నాలుగేళ్ళు సర్కారుకు అర్జీలు రాసింది. చివరికి జవాబొచ్చింది. పెద్దలు జడ్జీ పక్కన కూర్చుని సలహా చెప్పవచ్చట. తీర్పు మాత్రం ఆయనదే.

"అంటే మన మాట చెల్లుతుందా వదినా?" అన్నాను.

"వింటారట," అంది, కాగితం మడుస్తూ.

పెద్దలు కూర్చున్న మొదటి కోర్టునాడు ఒక పిల్ల కేసులో వాళ్ళ మాట విన్నారు. ఆ పిల్ల జైలుకి కాక తల్లితో ఇంటికెళ్ళింది. ఫిలొమీన్ చెల్లెలు హాలు గుమ్మం దాకా వచ్చి, పెద్దల్లో ఒకరిగా కూర్చున్న అక్కను కాసేపు చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది.