జ్వరం తగ్గిన రోజు

అప్పలనర్సమ్మ చెయ్యి వేసిందంటే జ్వరం ఎంతుందో, ఎటు పోతోందో చెప్పేసేది. గవరపాలెంలో ఎవరింట అమ్మవారు పోసినా ముందు ఆవిడకే కబురు వెళ్లేది. చిన్నప్పుడు మశూచి ఆవిడ ముఖాన్ని జల్లెడ చేసి వదిలింది. ఆ తల్లి తనని మళ్లీ ముట్టదని ఆవిడ ధీమా. రోగి మంచం పక్కన కూర్చుని వేపమండతో విసురుతూ, వేళ్ల వెనకవైపు నుదుటికి ఆనించి, "దిగిందర్రా అమ్మ! నీళ్లు పొయ్యండి" అందంటే ఆ ఇంట్లో ఇక పండగే. వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్లు స్వయంగా తానే పోసేది. ఒంటి మీద నీళ్లు పడ్డ పూట కడుపులోకి నీళ్లు పోకూడదన్నది ఆవిడ పత్యం. ముప్పై ఏళ్లుగా ఆ మాటకి ఎదురు లేదు.

1944 కార్తీకంలో వచ్చిన జ్వరం మాత్రం ఆవిడ లెక్కకి లొంగలేదు. కళ్ల వెనక పోటు, ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పులు, నాలుగో రోజుకి ఒళ్లంతా ఎర్రటి దద్దు. చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ రక్తం కారేది. సర్కారు డాక్టరొకాయన వచ్చి నలుగురి రక్తం తీసి చూసి, మలేరియా కాదన్నాడు, మశూచీ కాదన్నాడు. మరేమిటి బాబూ అంటే, "నాకూ కొత్తేనమ్మా" అన్నాడు. చదువుకున్నవాడు తెలియదని ఒప్పుకోవడం గవరపాలెం అంతకు ముందు ఎరగదు. అందుకే ఆయన్ని ఎవరూ నమ్మలేదు.

అప్పలనర్సమ్మ మాత్రం తడుముకోలేదు. "సిన్నమ్మోరే. ఈ ఏడు కొత్త సీర కట్టుకొచ్చింది, అంతే" అని తేల్చేసింది. అందరూ తలలూపారు.

పక్క వీధి కనకమహాలక్ష్మికి ఒక్కగానొక్క కొడుకు రాములు. ఆరేళ్లవాడు. అయిదో రోజు పొద్దున్న వాడి ఒళ్లు చల్లబడింది. అప్పలనర్సమ్మ చెయ్యి వేసి చూసి, దిగిందంది. నీళ్లు పోసింది. వీధిలో చలిమిడి పంచారు. దీపాలు పెట్టే వేళకి పిల్లాడి కాళ్లూ చేతులూ మంచుగడ్డలయ్యాయి, పెదాలు నల్లబడ్డాయి, కడుపు బిగిసింది. తెల్లారేసరికి వాడు లేడు. అమ్మ వెనక్కి తిరిగిందన్నారు జనం. అదే వారంలో ఇంకో ఇద్దరు పిల్లలు అచ్చం అలాగే పోయారు. ఎవరూ అప్పలనర్సమ్మని ఒక్క మాట అనలేదు.

అనకపోవడమే ఆవిడని కుదురుగా ఉండనివ్వలేదు. తిట్టి పోస్తే బాగుండేది. చెరుకు తోటలో గడలకున్న ఎండాకు ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయేది. ముగ్గురూ జ్వరంలో పోలేదు. జ్వరం పోయాక పోయారు. పోయిన జ్వరం ఎలా చంపుతుంది? కాలు కాలిన పిల్లిలా ఇల్లిల్లూ తిరిగింది. ఒళ్లు ఏ రోజు చల్లబడింది, ఆ రోజు ఏం తిన్నాడు, ఏం తాగాడు అని అడిగింది. బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు తలుపులు వేసేసుకున్నారు.

బెల్లం వండే బంగారయ్య ఇంట్లో మాత్రం జవాబు దొరికింది. వాడి కొడుక్కీ అదే జ్వరం, అదే దద్దు, కానీ బతికి బట్టకట్టాడు. బంగారయ్య పత్యం గిత్యం ఎరగని మొండివాడు. ఆవిడని పిలవనే లేదు.

"ఏటి పెట్టేవురా ఆడికి?" అంది.

"నానేటి పెడతాను పెద్దమ్మా! గానుగ కాడే పడున్నాడు. దాహవన్నప్పుడల్లా సెరుకు రసం, నీళ్లు ముంచుకుని తాగేడు. నాను సూడనే నేదు."

దోమ మోసుకొచ్చే ఆ జ్వరంలో వేడి తగ్గిన వేళే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుందని వైద్యులు వివరంగా తెలుసుకోవడానికి ఇంకా ఏళ్లు పట్టింది. అప్పలనర్సమ్మకి తెలిసింది ఒకటే. పోయినవాళ్లకి నీళ్లు లేవు, బతికినవాడికి ఉన్నాయి. అదైనా నిజమో కాదో చెప్పేవాడు లేడు.

పది రోజులు తిరక్కుండానే అప్పలనర్సమ్మ కొడుకు కన్నబాబు కూతురు, ఎనిమిదేళ్ల నూకరత్నం మంచం పట్టింది. అయిదో నాడు పొద్దున్న పిల్ల నుదురు చల్లబడగానే కన్నబాబు ఎగిరి గంతేసి వేపాకు నీళ్లు కాచాడు. అప్పలనర్సమ్మ ఆ కుండ ఎత్తి పెరట్లో కుమ్మరించేసింది. చెరుకు రసంలో నీళ్లు కలిపి, చిటికెడు ఉప్పు వేసి, చెంచాతో పిల్ల నోట్లో పొయ్యడం మొదలెట్టింది.

"ఒళ్లు సల్లబడ్డ పూట కడుపులోకి నీళ్లేటే అమ్మా? సంపేత్తావేటి దాన్ని!" అని కన్నబాబు అరిచాడు.

పిల్ల కక్కేసింది. ఆవిడ మళ్లీ పోసింది. పిల్ల చేతులు చల్లబడుతున్నాయి, నాడి దొరకడం లేదు. తన మొండితనమే మనవరాల్ని మింగేస్తే? లేస్తుంది, గుమ్మం దాకా వెళ్తుంది, వెనక్కి వచ్చి పిల్ల అరికాళ్లు తడుముతుంది, మళ్లీ చెంచా అందుకుంటుంది.

మధ్యాహ్నానికి కనకమహాలక్ష్మి వచ్చింది. వాకిట్లో నిలబడే అడిగింది.

"ఏటత్తా, నీ మనవరాలికైతే ఒంటి మీద నీళ్లు పొయ్యవా? మావోడికి పోసేవు గదా."

"అప్పుడు నాకు తెలీదే, కనకం."

"ఇప్పుడు తెలుసేటి?"

"ఇప్పుడూ తెలీదే" అంది అప్పలనర్సమ్మ. మళ్లీ చెంచా రసంలో ముంచింది.

కనకమహాలక్ష్మి లోపలికి వచ్చి, ఆవిడ చేతిలోంచి చెంచా తీసుకుని మంచం పక్కన కూర్చుంది. రెండు రోజులు ఇద్దరూ వంతులేసుకుని పోశారు.

మూడో నాడు పొద్దున్న నూకరత్నం కళ్లు తెరిచి, "మామ్మా, ఉచ్చొత్తందే" అంది. అంత మంగళకరమైన మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ వినలేదు. కన్నబాబు పిల్లని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాడు. అప్పలనర్సమ్మ మంచం కోడు పట్టుకుని భోరున ఏడ్చింది.

కనకమహాలక్ష్మి లేచి చెంచా కడిగి పెట్టింది. గుమ్మం దగ్గర ఆగింది.

"మావోడూ అడిగేడత్తా, దాహవని. మూడు మాట్లు అడిగేడు. నాను ఇవ్వనేదు" అంది.

అప్పలనర్సమ్మ లేచి వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు ఇవ్వకపోడం కాదే తల్లీ. నాను ఒద్దన్నాను. ఎవులడిగినా అదే సెప్పు. నర్సమ్మ ఒద్దందని సెప్పు."