వడాపావ్ అడిగిన కమాండో

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ యుద్ధం సినిమా మళ్ళీ వచ్చింది. నీలం నగర్‌లో మా ఇంటి గోడకు ఆనుకునే టవళ్ళు నేసే కార్ఖానా ఉంది. అక్కడ సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తున్నంతసేపూ టీవీ ఎంత పెంచినా దండగే. అందుకని సౌండు మొత్తం తీసేసి బొమ్మ ఒక్కటే పెట్టుకోవడం నాకు అలవాటు. తెర మీద పదిమంది కమాండోలు మొహాలకు నల్లరంగు పూసుకుని, శత్రువుల ముళ్ళకంచె కింద పాకుతున్నారు. హీరో చెయ్యెత్తాడు. అందరూ ఊపిరి బిగబట్టి ఆగిపోయారు. మా అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నదల్లా తలెత్తి ఒక్క చూపు చూసి, "పాపం, వానికి ఇంకా వడాపావ్ రాలేదు" అని మళ్ళీ తునికాకు కత్తిరించుకోవడంలో పడిపోయింది. నేను నవ్వాను. నవ్వుతుంటేనే కళ్ళు తడయ్యాయి. లేచి వెళ్ళి, అక్కర లేకపోయినా స్టవ్ మీద చాయ్ పెట్టాను. ఆ సినిమా వస్తే నేను ఒకచోట కూర్చోలేను.

ఈ వడాపావ్ సంగతి అర్థం కావాలంటే ముందు మా నాయిన సంగతి చెప్పాలి. ఆయన నలభై ఏళ్ళు సాంచెల మీద చాదర్లు నేశాడు. ఆ మోతకు చెవులు రెండూ పోయాయి, కానీ పోయాయని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. "మీరే మెల్లగ మాట్లాడ్తరు" అనేవాడు. కార్ఖానాలో ఎవరూ గొంతుతో మాట్లాడుకోరు, మాట్లాడినా వినపడదు. పెదాలు మాత్రం కదుపుతారు, అవతలివాళ్ళు చూసి చదువుకుంటారు. ఆ చివర సాంచె దగ్గర ఉన్నవాడు ఈ చివర ఉన్నవాడితో కూతురి పెళ్ళి చూపుల సంగతంతా చెప్పుకోగలడు, అంతే తీరిగ్గా బూతులూ తిట్టుకోగలడు. పాతికేళ్ళు కార్ఖానాకు ఆయన అన్నం గిన్నె మోసుకెళ్ళిన మా అమ్మకు కూడా ఆ విద్య అబ్బింది. భవాని పేట్‌లోని మా పాత ఇంట్లో వాళ్ళిద్దరి తగాదాలన్నీ చప్పుడు లేకుండానే జరిగేవి, పక్కింటివాళ్ళు మాత్రం వాళ్ళంత అన్యోన్యమైన జంట లేదనుకునేవాళ్ళు. నాకు ఆ భాష సగమే వచ్చు. బడికి పోయి చెడిపోయినదాన్ని.

ఇక మా తమ్ముడు. నాకంటే పదహారేళ్ళు చిన్నవాడు, మిలిటరీలో ఉన్నాడు. అక్కడ ఏం చేస్తావురా అంటే మెస్సులో వంట అని చెప్పేవాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాలు పొంగించడం తప్ప పొయ్యి ముట్టుకోనివాడు వందమందికి వండుతున్నాడంటే మాకు నవ్వొచ్చేది. అమ్మ ఫోనులో ఊరుకునేది కాదు. "వందమందికి పప్పు ఎట్ల జేస్తవ్ రా?" అని అడిగేది. "కుక్కర్ల పెడ్త అమ్మా" అనేవాడు. "వందమందికి కుక్కరా? ఏం అబద్ధం రా అది" అని అమ్మ నవ్వేది. అయినా ఆ అబద్ధాన్ని గుచ్చి గుచ్చి అడగలేదు. పొయ్యి దగ్గర ఉన్నవాడికి ఏమవుతుంది, మహా అయితే చెయ్యి కాలుతుంది.

నాలుగేళ్ళ కిందట వానాకాలంలో ఈ సినిమా విడుదలైంది. మా వాడు మిలిటరీ కదా, వాళ్ళ పని ఎట్లుంటదో చూస్తానని నాయిన పట్టుబట్టాడు. కార్ఖానా సెలవు రోజున పగటి ఆటకు ముగ్గురం వెళ్ళాం. బాంబులు పేలినప్పుడల్లా ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఇనవడ్తుంది, మంచిగ ఇనవడ్తుంది" అని సంబరపడ్డాడు. సరిగ్గా ఆ ముళ్ళకంచె దగ్గర, హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, మా నాయిన ఒక్కసారి పకపకా నవ్వాడు. ముందు వరసలవాళ్ళు తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఎనకున్నోని మూతి జూడు బిడ్డా, 'వడాపావ్ ఆలా కా' అని పక్కోన్ని అడుగుతుండు" అన్నాడు, ఊరంతా వినేలా. వడాపావ్ వచ్చిందా అని, మరాఠీలో. షూటింగులో ఆకలేసిన పిల్లవాడెవడో అడిగి ఉంటాడు. అమ్మ కూడా చూసి నవ్వింది. కానీ అంతకుముందే ఒక సీను అయిపోయింది. హీరో తల్లికి ఫోన్ చేసి, ఊరికే ట్రైనింగ్‌కి వెళ్తున్నానని చెప్పి, ఫోను పెట్టేసి, తుపాకి అందుకుంటాడు. అప్పుడు అమ్మ చీర చెంగు వేలికి చుట్టుకోవడం నేను చూశాను. తిరుగు ఆటోలో అశోక్ చౌక్ దాకా ఆ చెంగు వదల్లేదు.

నాలుగు రోజుల తరవాత తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ఫోను అమ్మ చేతిలో ఉంది, నాయిన ఎప్పటిలా వెనక నుంచి తొంగి చూస్తున్నాడు, నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. "ఖరే చెప్పు రా, వంటనే జేస్తున్నవా?" అని అమ్మ అడిగింది. వాడు నవ్వాడు. ఇంతలో వాడి వెనక మీసాల పిల్లవాడొకడు వచ్చి నిలబడ్డాడు. మావాడు ఫోను మ్యూట్‌లో పెట్టి, పక్కకు తిరిగి, వాడితో ఏదో చెప్పాడు. సౌండు ఆపితే మాట ఆగిపోయిందనుకున్నాడు. సాంచెల ఇంట్లో పుట్టి పెరిగినవాడు చేయాల్సిన పొరపాటేనా అది? అమ్మ ఫోనును రెండుసార్లు ఊపి, "ఆవాజ్ వస్తలేదు, పాడైనట్టుంది" అని నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నన్ను ఆటో ఎక్కించే వంకతో నాయిన చౌక్ దాకా వచ్చాడు. అంత రద్దీలో పెదాలతోనే చెప్పాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. "రేపు తెల్లారకముందే సరిహద్దు అవతలికి పోతున్నం, మా ఇంట్ల ఎవరికీ చెప్పకు, నన్ను వంటోడనుకుంటున్నరు అని నిన్న ఆ మీసాలోనితోని మనోడు అన్నడు. ఆ రేపు ఇయ్యాల్నే, బిడ్డా." "మీ అమ్మకు ఎరుక గావద్దు. బీపీ మనిషి" అని, నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ తరవాత పంతొమ్మిది రోజులు ఫోను రాలేదు. నేను రోజూ ఏదో సాకుతో భవాని పేట్ వెళ్ళేదాన్ని. నాయిన కూర్చున్నచోట కూర్చునేవాడు కాదు. బాగున్న నల్లాను విప్పి మళ్ళీ బిగించాడు. ఫ్యాన్ తుడిచాడు, మర్నాడు మళ్ళీ తుడిచాడు. చౌక్ దాకా వెళ్ళి ఏమీ కొనకుండా వచ్చేవాడు. టీవీలో వార్తలు పెడితే చానెల్ మార్చేసేవాడు. నేనైతే వినేవాళ్ళు దొరికితే కూరగాయల మనిషితో కూడా పోట్లాడేదాన్ని. మాకిద్దరికీ అమ్మ మీద కోపం కూడా వచ్చేది, ఏమీ తెలియకుండా అంత నిమ్మళంగా చాట ముందేసుకుని ఎలా కూర్చుందా అని. ఒకరోజు కంపెనీలో ఆమె బీడీలు సగానికి సగం పనికిరావని తీసేశారు. ముప్పై ఏళ్ళలో అట్లా జరగలేదు. "కండ్లు సరిగ్గ కనవడ్తలేవు" అంది. కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానన్నాను. ఎంత మొద్దునో చూడండి. ఆ రోజు ఫోను ఎవరి చేతిలో ఉందో నాకొక్కసారీ తట్టలేదు.

ఇరవయ్యో రోజు పొద్దున పదింటికి నేను అమ్మ పక్కన ఉండగా వీడియో కాల్ వచ్చింది. తమ్ముడే. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. "మెస్‌ల పని ఎక్కువుండె అమ్మా" అన్నాడు. నాయిన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, గొంతు లేకుండా, పెదాలతో మాత్రం అడిగింది. మెల్లగా అడిగింది కాబట్టి నాకు కూడా అర్థమైంది. "నీ ఎనక నిలవడ్డ మీసాల పిల్లగాడు వాపస్ వచ్చిండా?"

తెరలో వాడి మొహం కదలకుండా ఆగిపోయింది. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను. తరవాత వాడి పెదాలు కదిలాయి, వాడు కూడా గొంతు తీయలేదు. "మోసుకొచ్చినం అమ్మా. దవాఖానల ఉన్నడు. బతుకుతడు." అమ్మ తలూపింది. "మంచిగ అన్నం తిను" అని ఈసారి పైకే అని, ఫోను నాకిచ్చి, చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆకు ఒకటి తీసి, చుట్టకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

నాయిన ఆమెనే చూస్తున్నాడు. "నీకెప్పటి సంది ఎరుక?" అని పెదాలతో అడిగాడు.

"నీకెప్పటి సందో, నాకు గప్పటి సందే" అంది అమ్మ. "నీ చెవులైతే పాయె, బెంగవెట్టుకుంటె పాణం గూడ పోతదని చెప్పలె."

నాయిన నిరుడు పోయాడు, అప్పటినుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. తమ్ముడు ఇప్పటికీ అక్కడెక్కడో వంట చేస్తూనే ఉన్నాడు, అమ్మ ఇప్పటికీ పప్పు ఎలా చేశావని అడుగుతూనే ఉంది. వాడిప్పుడు ఫోను మ్యూట్‌లో పెట్టడు, కెమెరాకు చెయ్యి అడ్డం పెడతాడు. నేను మాత్రం ఆ పంతొమ్మిది రోజుల దగ్గరే తిరుగుతుంటాను. అమ్మానాయినలు ఒకే గదిలో కూర్చుని ఎవరి భయం వాళ్ళు దాచుకున్నారు, నేనేమో ఇద్దరి మధ్యా ఒట్టు పట్టుకుని తిరిగాను. గడిచిపోయిన కాలంలోంచి ఏమైనా వెనక్కి ఇస్తామంటే సుఖపడ్డ రోజులేవీ అడగను, ఆ పంతొమ్మిది రోజులే అడుగుతాను, ముగ్గురం ఒకచోట కూర్చుని కలిసి భయపడడానికి.