రెండో సగం

చిక్కడపల్లిలో నా డీటీపీ గది, నారాయణగూడలో నేను అన్నా అని పిలిచే మిత్రుడి కంప్యూటర్ సెంటర్, అశోక్‌నగర్‌లో ఒక అక్క జిరాక్సు షాపు. తొంభైల చివర్లో ఈ మూడు చోట్లా ఉన్న కంప్యూటర్లు రోజూ సాయంత్రం ఫోను లైను మీద ఒకదాన్నొకటి పలకరించుకునేవి. ఒకరి ఫైలును రెండు ముక్కలు చేసి మిగతా ఇద్దరి దగ్గర దాచడం మా ఏర్పాటు. ఎవరి డిస్కు చెడినా ఆ ముక్కలు కలిపి ఫైలు తిరిగి ఇవ్వొచ్చు. ప్రోగ్రాం రాసింది అన్న. దానికి రెండు నియమాలు పెట్టించింది మాత్రం మహా తెలివిగల నేను. పరాయి ముక్కను తెరవకూడదు. ఏడు రోజులు పలకని కంప్యూటర్ తాలూకు ముక్కల్ని ఆనవాలు లేకుండా తుడిచేయాలి. అప్పటి డిస్కుల్లో జాగా ఎక్కడిది!

అక్క దాచుకున్నది ఒక్కటే, జ్వరంతో పోయిన ఆరేళ్ల కూతురి గొంతు. ఆ పిల్ల షాపులో ఆడుకుంటూ, తల్లి చూడనప్పుడు మైకులో ఏదో మాట్లాడి పెట్టింది. పిల్ల పోయాక ఆ ఫైలు కనబడింది గానీ, వినడానికి అక్కకు ధైర్యం చాలలేదు.

దసరా ముందు అక్క డిస్కు చెడిపోయింది. ఆయుధపూజ నాడు నేను కంప్యూటర్ ఆపేసి, బొట్టు పెట్టి దండ వేశాక అన్న ఫోను చేశాడు.

“అక్కకు కొత్త డిస్కు పండుగైనంకనే వస్తదట. రేపటికి ఏడు దినాలైతయి. నీ దాంట్ల ఆ తుడిచేది జర బంద్ పెట్టు. నాది పొద్దున్నే పెట్టిన.”

“పూజ చేసిన అన్నా, ఇయ్యాల ముట్టొద్దు. బందున్న మిషన్ ఏం తుడుస్తది? రేపు పెడ్త.”

పూజ మాటకు ఆయనా సరేనన్నాడు.

మర్నాడు దండ తీసి స్విచ్చి వేశాను. కంప్యూటర్ ఆపినా దాని లోపలి గడియారం ఆగదని నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. లేస్తూనే అది తేదీ చూసుకుంది. నా చెయ్యి కీబోర్డు మీద పడేలోపే నా నియమం పాటించేసింది.

వారం తర్వాత నారాయణగూడలో అన్న తన దగ్గరున్న మొదటి సగం వినిపించాడు. ముందు చిన్న నవ్వు. బల్ల మీద వేళ్లతో టకటక. తర్వాత, “అమ్మా, నీకొకటి చెప్త, కోపం చెయ్యొద్దు మరి...” అంతే, తెగిపోయింది.

అక్క స్పీకర్ల మీంచి నా వైపు తిరిగింది.

“నీ దగ్గరున్నది ఎప్పుడన్న విన్నవా తమ్మీ?”

“లేదక్కా. తెరవొద్దనే కదా మన మాట.”

“ఒక్కసారన్న వినకపోతివి,” అంది.

తిట్టినా బాగుండేది. మాట తప్పని మనిషినని అంతకుముందు గొప్పలు పోయేవాణ్ణి. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లయినా ఏ కంప్యూటర్ స్విచ్చి వేసినా, అది లేచేలోపు ఉండే ఆ కాస్త నిశ్శబ్దంలో ఆ పిల్ల “కోపం చెయ్యొద్దు మరి” అంటుంది. చెయ్యను, చెప్పు తల్లీ అంటాను. చెప్పదు.