వెల్బర్న్ వారి నీలం స్కర్ట్

గ్లెనిస్ పాస్కోకు కోపం వస్తే అరవదు, ఇస్త్రీ చేస్తుంది. ఆ సెప్టెంబరులో ఒక్క వారంలోనే ఇంట్లో దుప్పట్లు, బల్లగుడ్డలు, చేతిరుమాళ్ళు, ఆఖరికి మొగుడు మెర్విన్ చేపల వేటకు తొడుక్కునే చిరుగు చొక్కాలు కూడా పెళ్ళివారి బట్టల్లా మడతలు తీరి బీరువాలో కూర్చున్నాయి.

"చేపలు నన్ను గుర్తుపట్టవే, గ్లెన్," అన్నాడు మెర్విన్. "బ్యాంకు మేనేజరొచ్చాడని పారిపోతాయి."

"పారిపోనీ. ఈ ఊళ్ళో శుభ్రమైన బట్ట చూసి పారిపోనిదేముంది?" అని ఆమె ఇస్త్రీపెట్టెను ఠక్కున దించింది. ఇంక మాట్లాడితే తన చొక్కా ఒంటి మీద ఉండగానే ఇస్త్రీ అయిపోతుందని మెర్విన్ పెరట్లోకి జారుకున్నాడు.

కోపానికి కారణం ఆఫీసు నుంచి వచ్చిన ఒక కాగితం. దాని సంగతి చెప్పాలంటే ముందు స్కర్ట్ సంగతి చెప్పాలి.

అడిలైడ్‌కు దూరంగా, సముద్రపు ఒడ్డున ఉన్న పోర్ట్ టెనాంట్ ఊరి మునిసిపల్ కౌన్సిల్ ఆఫీసు కౌంటర్లో గ్లెనిస్‌ది ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగం. కుక్కల లైసెన్సులు, చెత్తబుట్టల తగాదాలు, పక్కింటి కొమ్మ మా గోడ దాటిందన్న ఫిర్యాదులు, అన్నీ ఆమె ముందుకే వచ్చేవి. అన్నేళ్ళూ ఆమె వేసుకున్నది వెల్బర్న్ కంపెనీ ఆఫీసు బట్టలే. ముదురు నీలం స్కర్ట్, మోకాలికి నాలుగు వేళ్ళ కింద అంచు, లోపల జారిపోయే పట్టు అస్తరు, ఎంతసేపు కూర్చుని లేచినా మడత పడని నడుంపట్టీ. పైగా రెండు జేబులు. తాళాలగుత్తి, కళ్ళజోడు, చేతిరుమాలు వేసుకున్నా ఉబ్బెత్తుగా కనపడని లోతైన జేబులు. పొట్టిగా, నడుము దగ్గర కాస్త దిట్టంగా ఉండే ఆడది కూడా ఆఫీసులో పనిచేస్తుందని ఆ ఒక్క కంపెనీకే తట్టింది. మిగతావాళ్ళందరూ వెదురుబొంగులకు కుట్టారు.

నాలుగేళ్ళ కిందట వెల్బర్న్ వాళ్ళు ఆ రకం కుట్టడం మానేశారు. గ్లెనిస్ ఫోన్ చేసి అడిగితే అవతలి పిల్ల తియ్యగా చెప్పింది, "ఇప్పుడు ఆఫీసులకు అవెవరూ వేసుకోవట్లేదండీ. సాగే ప్యాంట్లొచ్చాయి, పంపమంటారా?"

"నేను ఆఫీసుకెళ్తున్నానమ్మా, కుప్పిగంతులకు కాదు," అని గ్లెనిస్ ఫోన్ పెట్టేసింది.

అప్పటికి మూడు మిగిలాయి. ఒకటి కారు తలుపులో పడి చిరిగింది. ఇంకొకటి కూర్చుని కూర్చుని వెనక వెలుతురు కనపడేంత పల్చబడింది. మూడోదాన్ని ఆమె ఒక్క పనికే దాచుకుంది. ఏడాదికి మూడుసార్లు టౌన్‌హాల్లో జరిగే పౌరసత్వం సభకు.

ఆ సభలో కొత్తగా ఈ దేశస్థులయ్యేవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి వేదిక మీదికి పిలుస్తారు. పిలిచేది గ్లెనిస్. వారం ముందే ప్రతివాళ్ళకూ ఫోన్ చేసి, పేరు ఎలా పలకాలో చెప్పించుకుని, నోరు తిరిగేదాకా వాళ్ళ చేతే అనిపించుకుని, తనకు అర్థమయ్యే అక్షరాల్లో అట్టముక్కల మీద రాసుకునేది. పేరు తప్పు పిలిస్తే మనిషిని గుమ్మంలో ఆపేసినట్టే అని ఆమె నమ్మకం. వచ్చేవాళ్ళు ఎలా వచ్చేవారు! చేపల ఫ్యాక్టరీలో చేసేవాడు సూటు కొనుక్కుని వచ్చేవాడు. వృద్ధాశ్రమంలో పక్కలు మార్చే ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, భుజాల దగ్గర బిరుసుగా నిలబడే చేతుల గౌన్లు వేసుకుని వచ్చేవారు. వాళ్ళ ముందు నిలబడే మనిషి ఒంటి మీద కూడా ఆ గౌరవం కనపడాలి కదా.

ఇక కాగితం. కొత్తగా వచ్చిన సిబ్బంది మేనేజరు టీగన్ నోస్కి పంపింది. 'ప్రజలకు దగ్గరవ్వడానికి' ఇకమీదట అందరూ కౌన్సిల్ బొమ్మ కుట్టిన నెమలికంఠం రంగు పోలో టీషర్ట్, సాగే నల్ల ప్యాంటు వేసుకోవాలట. సభలో కూడా అవే.

గ్లెనిస్ కాగితం పట్టుకుని టీ గదిలోకి వెళ్ళింది.

"టీగన్, వాళ్ళు పెళ్ళికొచ్చినట్టు వస్తారు. మనం పెట్రోలు కొట్టేవాళ్ళలా నిలబడదామా?"

"అబ్బా గ్లెన్, బట్టల్లో ఏముంది చెప్పు? సూట్లు చూస్తే జనం బెదిరిపోతారు."

"ముప్పైనాలుగేళ్ళలో నా స్కర్ట్ చూసి ఒక్క కుక్క కూడా బెదరలేదు."

టీగన్ నవ్వేసింది. ఏది చెప్పినా నవ్వేసే మనుషులతో పోట్లాడటం నీళ్ళను గుద్దడమే. "సరే, ఈ శుక్రవారం 'పాత ఆఫీసు రోజు' పెడుతున్నాంగా. ఆ రోజు నీ ఇష్టం వచ్చింది వేసుకో, డార్లింగ్."

సభ కూడా ఆ శుక్రవారమే, మధ్యాహ్నం మూడింటికి. చివరికి ఒప్పుకుంది కాబోలని గ్లెనిస్ అనుకుంది. కోపంలో ఉన్న మనిషి చిన్న మాట దొరికితే చాలు, తనకు కావలసిన అర్థం తీసుకుంటుంది.

ఆ శుక్రవారాల ముచ్చట కూడా చెప్పాలి. పూర్వం నెలకొక శుక్రవారం, డబ్బాలో ఒక బంగారురంగు డాలరు నాణెం వేసి జీన్సు వేసుకుని రావచ్చు. డబ్బు సముద్రపు ఒడ్డున మునిగేవాళ్ళను కాపాడే క్లబ్బుకు పోతుంది. అన్నేళ్ళూ గ్లెనిస్ నాణెం వేసి మరీ స్కర్ట్‌లోనే వచ్చింది. ఇప్పుడు డబ్బా తిరగబడింది. మర్యాదగా బట్టలు కట్టుకుని రావాలంటే నాణెం వెయ్యాలి!

శుక్రవారం పొద్దున గ్లెనిస్ దాచుకున్న స్కర్ట్, తెల్ల బ్లౌజు, నీలం కోటు వేసుకుని, కళ్ళజోడు గొలుసు సర్దుకుని, అట్టముక్కలు జేబులో పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. తలుపు తీసేసరికి నవ్వులు వినపడ్డాయి. రోడ్ల శాఖ క్రెయిగ్ పొట్టి నిక్కరు మీద మెడకు టై బిగించి, మోకాళ్ళదాకా మేజోళ్ళు లాగాడు. పన్నుల అమ్మాయిలు భుజాల్లో దిండ్లు కుక్కుకుని, విగ్గులు పెట్టుకుని, ముక్కు మీదికి జారే కళ్ళజోళ్ళకు పూసల గొలుసులు కట్టుకున్నారు. ఒకతె చేతిలో కర్ర కూడా ఉంది. పాత ఆఫీసంటే వాళ్ళకు పగటివేషం.

లైబ్రరీ కౌంటర్లో కొత్తగా చేరిన షనే గిర్రున తిరిగి చూపించింది. "నాలుగు డాలర్లే! చర్చి వాళ్ళ పాతబట్టల కొట్లో దొరికింది. అచ్చం ముసలమ్మలా లేనూ?"

ముదురు నీలం. మోకాలికి నాలుగు వేళ్ళ కింద అంచు. నడుంపట్టీ చూడగానే గ్లెనిస్ గుర్తుపట్టింది. వెల్బర్న్. కొత్తదిలా ఉంది. నాలుగేళ్ళుగా ఆమె అడిలైడ్ దాకా వెళ్ళి ప్రతి పాతబట్టల కొట్టూ జల్లెడ పట్టింది ఆ ఒక్కదాని కోసమే. షనే ఆమెను కిందనుంచి పైదాకా చూసి, తన స్కర్ట్ చూసుకుని, నాలిక కరుచుకుంది.

పదకొండింటికి టీ, కొబ్బరికోరు అద్దిన కేకులు. టీగన్ చాక్లెట్ డబ్బా ఎత్తిపట్టుకుంది. "అందరికన్నా మంచి వేషానికి బహుమతి... మన గ్లెనిస్‌కే! పాపం, ఏ కష్టమూ లేకుండా గెలిచేసింది!"

చప్పట్లు. ఈలలు. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే ఒళ్ళు మండించే సంగతి. ప్రేమగానే కొట్టారు.

"నేను వేషం వేసుకు రాలేదు," అంది గ్లెనిస్.

"అందుకేగా గెలిచావు!" అని క్రెయిగ్ అనగానే గది పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. చాక్లెట్ డబ్బా బల్లమీదే వదిలేసి కౌంటరుకు వెళ్ళి, అప్పుడే వచ్చిన ఒక పెద్దాయన కుక్కకు లైసెన్సు రాసింది. పెన్ను కాగితాన్ని చింపింది. ఇంకొకటి రాసింది.

రెండున్నరకు టీగన్ నెమలికంఠం రంగు పొట్లం తెచ్చింది. "ఆట అయిపోయిందమ్మా. ఇవి వేసుకో."

"ఈ రోజు నా ఇష్టమన్నావు."

"పొద్దుటి సంగతి అన్నాను. సభలో అందరూ ఒకేలా ఉండాలి. నీకిష్టం లేకపోతే ఫరవాలేదు, పేర్లు నేను చదివేస్తా." బల్లమీద ఉన్న అసలు జాబితా తీసి చూసింది. "డండి... డుండ్‌రాజ్... గిమ్మిక్... ఏదోలే, వాళ్ళే లేచి వస్తారు."

అది ఢుండిరాజ్ ఘిమిరే. నేపాల్ మనిషి, వృద్ధాశ్రమంలో వంటవాడు. ఆ 'ఢ' కోసం గ్లెనిస్ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి సరిగ్గా పలికింది. "ఎనిమిదేళ్ళయింది మేడమ్, ఈ దేశంలో నా పేరు విని," అన్నాడాయన అవతలినుంచి.

పద్నాలుగు పేర్లు. పద్నాలుగూ ఈవిడ నోట్లో నలిగి ముద్దవుతాయి. తను పంతం పట్టి ఇంటికి పోతే శిక్ష ఎవరికి? టీగన్‌కా? గ్లెనిస్ పొట్లం లాక్కుంది. బాత్‌రూములో స్కర్ట్ విప్పి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. సాగే ప్యాంటు కాళ్ళకు అంటుకుంది. జేబుల్లేవు. అట్టముక్కలు చేత్తోనే పట్టుకుంది. అద్దంలోకి చూడలేదు, చూస్తే అద్దం మిగలదని.

పేర్లు చదివింది. ఒక్క అక్షరం జారలేదు. పద్నాలుగుమందీ తమ పేరు వినపడగానే తల ఎత్తుకుని మెట్లెక్కారు. కోపమంతా గొంతులోకి వచ్చిందేమో, హాలు చివరి వరసకు కూడా ఖంగున వినపడింది.

సభ అయ్యాక కొత్త దేశం గుర్తుగా తలా ఒక మొక్క ఇచ్చి టీకి పంపారు. సభలో పని లేని షనే బట్టలు మార్చుకోకుండానే కేకుల కోసం వచ్చి గోడ పక్కన నిలబడింది. ఢుండిరాజ్ నల్లకోటు, పూలపూల టోపీతో, ఎర్రచీర కట్టుకున్న భార్యతో, మొక్క చంకన పెట్టుకుని గ్లెనిస్ దగ్గరికి వచ్చాడు.

"పేరు చాలా బాగా చదివారమ్మా. మా ఊళ్ళో పిలిచినట్టే ఉంది." ఆయన ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఒక్క సాయం చేస్తారా? ఆఫీసరుగారితో ఒక ఫొటో. మా నాన్నకు పంపాలి."

తనతోనే అనుకుని గ్లెనిస్ కోటు సర్దుకోబోయింది. ఒంటి మీద కోటు లేదు. ఈలోగా ఆ భార్యాభర్తలు నేరుగా షనే దగ్గరికి వెళ్ళి ఆమెకు చెరో పక్క నిలబడ్డారు.

"అయ్యో, నేను కాదండీ, నేను..." షనే మొహం జేవురించింది. కళ్ళతోనే గ్లెనిస్‌ను బతిమాలింది. అప్పటికే ఆయన భార్య షనే చెయ్యి పట్టుకుని కొంగు సర్దుకుంటోంది.

ఒక్క మాట చాలు, ఆఫీసరును నేను, ఆ పిల్లది వేషం అనడానికి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. వెల్బర్న్ మీద, టీగన్ మీద, ఆ చాక్లెట్ డబ్బా మీద, తను తొడుక్కున్న ఈ నెమలిరంగు గుడ్డ మీద కోపం పొంగుకొచ్చింది. ఆ మనిషి మీద మాత్రం రాలేదు. ఎనిమిదేళ్ళు ఎదురుచూసి వచ్చినవాడు, ఆఫీసరంటే ఎలా ఉండాలో అలా ఉన్న మనిషిని వెతుక్కున్నాడు. అందులో తప్పేముంది?

షనే సిగ్గుతో ముడుచుకుపోయి, రెండు చేతులూ ఆ లోతైన జేబుల్లో దూర్చేసింది.

"చేతులు బయటికి తియ్యి," అంది గ్లెనిస్.

"గ్లెనిస్, సారీ, నాకు నిజంగా..."

"వంగొద్దు. భుజాలు వెనక్కి. ఆ స్కర్ట్ వేసుకుని ఎవరూ అలా నిలబడరు." ఆమె ఫోన్ పైకెత్తింది. "వాళ్ళు నిన్ను ఆఫీసరనుకుంటున్నారు, షనే. నిటారుగా నిలబడు."

షనే నిటారుగా నిలబడింది. గ్లెనిస్ ఫొటో తీసింది.