మూతి వాచిన పంతులమ్మ

మేం చదువుకున్న కాలంలో పంతులమ్మ అంటే నవ్వకూడదని ఒక నమ్మకం. గుంటూరులో ట్రైనింగ్ ముగించుకుని, ఇంకా ప్రపంచ యుద్ధం సాగుతుండగానే గురజాలలో పసిపిల్లల బడికి వెళ్లేనాటికి నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి, నవ్వు మాత్రం నిండుకుంది. మొదటిరోజు అద్దం ముందు నిలబడి కనుబొమలు ముడవడం సాధన చేశాను (తోడుగా వచ్చిన మా అమ్మ, తలనొప్పి కాబోలనుకుని శొంఠి అరగదీసింది).

బడి అంటే చర్చి వెనక ఒక పొడుగాటి గది. మిరపచేలకు కూలికి పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దించి వెళ్లేవాళ్లు. చూసుకునేది పెద్దమ్మ. చనిపోయిన పాస్టరుగారి భార్య, ఊరందరికీ పెద్దమ్మే. నేను అడుగుపెట్టేసరికి ఒకడు కిటికీ ఎక్కి ఉన్నాడు, ఇద్దరు ఒక పలక కోసం జుట్లు పట్టుకున్నారు, ఒక పిల్ల మేకపిల్లను ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. వీళ్లందరి నడుమ పెద్దమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఎవరికో తీరిగ్గా జడ అల్లుతోంది.

"వీళ్లకి క్రమశిక్షణ నేర్పలేదాండీ?" అన్నాను, సాధన చేసిన కనుబొమలతో.

"నువ్వు నేర్పు తల్లీ. నేనూ చూస్తా," అంది. వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అంది.

నేర్పాను. బెత్తం తెస్తే మధ్యాహ్నానికల్లా అది కిటికీవాడికి గుర్రమైంది. చేతులు కట్టుకోమంటే ఒకరి చేతులు ఒకరు కట్టుకున్నారు. "నిశ్శబ్దం!" అని అరిస్తే ఆ మాట వాళ్లకు ఎంత నచ్చిందో, గదంతా "నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అని మారుమోగిపోయింది. వారం తిరక్కుండానే నా గొంతు బొంగురుపోయింది. ఈ ఉద్యోగం నావల్ల కాదని అమ్మతో చెప్పేశాను కూడా.

ఆ మర్నాడే, బడి పక్క వేపచెట్టుకున్న పెద్ద తేనెతుట్టెను గద్ద తన్నింది. హోరుమంటూ ఈగలు గదిలోకి వచ్చిపడ్డాయి. అంతకుముందు వేసవిలో ఆ జాతి ఈగలే కాడికి కట్టి ఉన్న ఎద్దును కుట్టి చంపాయి. గదిలో ఉన్నవాళ్లా, నాలుగేళ్లయినా నిండని పిల్లలు.

పెద్దమ్మ గొంతు పెంచలేదు. "బిడ్డలారా, పట్టాలు కప్పుకోని పడుకోండి. కదలొద్దు."

అంతే. ఒక్కసారిగా గది సద్దుమణిగింది. ఏ పట్టా మీద కూర్చున్నవాళ్లు ఆ పట్టా కిందకు దూరిపోయారు. మేకపిల్ల కూడా దూరింది. గడప దగ్గర పాకుతున్న పసివాణ్ణి పెద్దమ్మ ఎత్తి కొంగులో చుట్టుకుంది. మెడ మీద, మోచేతుల మీద ఈగలు వాలి కుడుతున్నా, ఉలిక్కిపడకుండా నెమ్మదిగా నడుస్తూ కిటికీలు ఒక్కొక్కటే మూసింది. ఆ గదిలో క్రమశిక్షణ తప్పింది ఒక్కరే. చేతులు విసురుకుంటూ, కేకలు పెడుతూ గది మధ్యలో గెంతుతున్న ట్రైనింగ్ పంతులమ్మ.

"ఏమే, నువ్వు గూడా పడుకో!" అంది పెద్దమ్మ.

దొరికిన పట్టా కింద దూరాను. అందులో కిటికీవాడు ఉన్నాడు. "అరవమాక టీచరమ్మా," అని గుసగుసలాడాడు, "పెద్దమ్మ ఊరుకోమంది గదా."

ఈగలు పోయాక చూస్తే ఒక్క బిడ్డను కూడా కుట్టలేదు. పెద్దమ్మ చేతులు రొట్టెల్లా ఉబ్బాయి. నా పెదవులైతే చెప్పక్కర్లేదు. ముళ్లు తీసి సున్నం రాస్తున్న పెద్దమ్మను, ఆ వాచిన మూతితోనే అడిగాను: వీళ్లు మీ మాట ఎలా విన్నారని.

"పొద్దస్తమానం మొరిగే కుక్క మాట దొంగొచ్చినప్పుడు ఎవరింటారు తల్లీ? నేను ఊరికే వద్దనను. అందుకని వద్దంటే ఇంటారు," అంది. తన చేతులకు ఇంకా సున్నం రాసుకోనేలేదు.

మర్నాడు ఆ మూతితోనే బడికి వెళ్లాను. మాట పెగల్లేదు గనక ఎవరినీ ఏమీ అనలేకపోయాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మూతి మీద 'ఉఫ్' అని ఊది పోయారు. మేకపిల్లను కూడా తెచ్చి ఊదించబోయారు. నాకు నవ్వొచ్చింది. ఆ మూతితో నవ్వితే ఎంత నొప్పో, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఆ తరవాత చాలా ఏళ్లు పసిపిల్లల మధ్యే గడిపాను. పెద్దమ్మలో సగం కూడా కాలేకపోయాను. అయినా నా గదికి గోలలో మంచి పేరే వచ్చింది. ఇప్పుడు ఇల్లు బొత్తిగా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆనాడు నేను కోరుకున్నది ఇదే కదా అనుకుని, కిటికీ తెరిచి, వీధిలో పిల్లలు కొట్టుకుంటున్నారేమోనని ఆశగా చెవి ఒగ్గుతాను.